టేప్ డెక్కును స్టీరియోకు కలపడం: నా అనుభవం

నాన్నగారు దాచిన క్యాసెట్లు మా ఇంట్లో రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. అంతర్వేది తీర్థంలోనూ, సఖినేటిపల్లి చుట్టుపక్కల ఊళ్ల శ్రీరామనవమి పందిళ్లలోనూ చెప్పిన హరికథలు, విజయవాడ రేడియో కేంద్రం ప్రసారాల నుంచి పట్టుకున్న లలిత సంగీతం, మా మేనత్తలు పాడిన పెళ్లిపాటలు వాటిలో ఉన్నాయి. ఇంతకాలం వాటిని రేడియో, టేపు రికార్డరు, స్పీకరు ఒకే పెట్టెలో ఉండే టూ ఇన్ వన్‌లోనే వింటూ వచ్చాము. మా మేనమామ 1980ల చివర కువైట్ నుంచి తెచ్చిన స్టీరియో క్యాసెట్ డెక్కు మాత్రం గుడ్డ చుట్టుకొని అటక మీద ఉండిపోయింది, ఎందుకంటే దానికి సొంత స్పీకరు లేదు. పని చేయాలంటే దానిని ఒక యాంప్లిఫయరుకు కలపాలి, ఆ కలపడం ఎలాగో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉద్యోగ విరమణ తరువాత నేను ఒక పాత స్వదేశీ యాంప్లిఫయరును, రికార్డ్ ప్లేయరును, ఒక జత స్పీకర్లను సంపాదించి, ఆ డెక్కును వాటితో కలిపే పని చేపట్టాను. ఆ పని ఎలా సాగిందో, ఏ తీగ ఎక్కడికి ఎందుకు వెళ్లాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట కరెంటు సంగతి చూడవలసి వచ్చింది. కువైట్‌లో సరఫరా 240 వోల్టులు, 50 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి ఆ డెక్కుకు ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మరు అవసరం లేదు. దాని వెనుక వోల్టేజిని మార్చే చిన్న మీట ఒకటి ఉంది, అది 220–240 వైపే ఉన్నదని చూసుకున్న తరువాతనే ప్లగ్గు పెట్టాను. అక్కడి ప్లగ్గుకు పలకలుగా ఉండే మూడు పిన్నులు, లోపల ఒక చిన్న ఫ్యూజు ఉంటాయి. మన సాకెట్టులో అది పట్టదు గనుక ప్లగ్గు మార్పించాను. అమెరికా నుంచి 120 వోల్టుల యంత్రాలు తెచ్చుకున్నవారికి మాత్రం ఈ సౌకర్యం ఉండదు. వారు వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా వాటిని సాకెట్టు దరిదాపులకు కూడా తీసుకుపోకూడదు.

టూ ఇన్ వన్‌కు అలవాటు పడినవారు డెక్కును చూసి మొదట అడిగే ప్రశ్న, శబ్దం ఎక్కడి నుంచి వస్తుందని. డెక్కు టేపు మీది అయస్కాంత ముద్రను విద్యుత్ సంకేతంగా మార్చి, దానిని సుమారు మూడో వంతు వోల్టు స్థాయికి పెంచి, వెనుకనున్న లైన్ అవుట్ అనే రంధ్రాల దగ్గర వదిలిపెడుతుంది. స్పీకరును కదిలించే శక్తి ఆ సంకేతానికి లేదు, ఆ శక్తి ఇచ్చేది యాంప్లిఫయరు. అలాగే రికార్డు చేయడానికి కావలసిన సంకేతం లైన్ ఇన్ అనే మరో రెండు రంధ్రాల గుండా లోపలికి పోతుంది. ఎడమ ఛానలుకు తెలుపు, కుడి ఛానలుకు ఎరుపు. కొన్ని పాత యంత్రాలలో తెలుపు చోట నలుపు ఉంటుంది, ఎరుపు మాత్రం ఎప్పుడూ కుడివైపే.

అసలు తికమక యాంప్లిఫయరు వెనుక మొదలవుతుంది. అక్కడ ఫోనో (రికార్డ్ ప్లేయరుకు), ట్యూనర్ (రేడియోకు), ఆక్స్ (మరే యంత్రానికైనా), టేప్ అని పేర్లు ఉంటాయి. మొదటి మూడూ లోపలికి వచ్చే దారులే. టేప్ అనే చోట మాత్రం రెండు దారులు ఉంటాయి: ఒకటి యాంప్లిఫయరు నుంచి డెక్కుకు పోయేది, దానిని రెక్ అవుట్ అంటారు, రెండోది డెక్కు నుంచి యాంప్లిఫయరుకు వచ్చేది, దానిని టేప్ ప్లే అనో, ప్లే ఇన్ అనో, ఉత్త మానిటర్ అనో రాస్తారు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాయడం వల్ల, రెక్ అని ఉన్న రంధ్రాన్ని రెక్ అని ఉన్న రంధ్రానికే కలపాలని అనుకోవడం చాలా సహజం. ప్రతి పేరూ అది ఎవరి వీపు మీద ఉన్నదో ఆ యంత్రం పక్షాన మాట్లాడుతుందని గుర్తుంచుకుంటే చిక్కు విడిపోతుంది. యాంప్లిఫయరుకు అవుట్ అయినది డెక్కుకు ఇన్ కావాలి, డెక్కుకు అవుట్ అయినది యాంప్లిఫయరుకు ఇన్ కావాలి. ఒకే పేరున్న రెండు రంధ్రాలను కలిపే సందర్భం ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా రాదు.

టేపుకు ఈ రెండు దారులు ఎందుకు ఇచ్చారో అర్థమైతే మిగిలినదంతా తేలిక. యాంప్లిఫయరులో మనం ఎంచుకున్న సంకేతం, అది రికార్డ్ ప్లేయరుది కానివ్వండి, రేడియోది కానివ్వండి, వాల్యూము మీటను చేరకముందే రెక్ అవుట్ వైపు చీలుతుంది. మా డెల్టాలో తూము తలుపుకు ఎగువనే తవ్విన బోదెకు, దిగువన తలుపు ఎంత దించినా నీటికి లోటు రాదు. ఇదీ అంతే. వాల్యూము తగ్గించినా, బాస్, ట్రెబుల్ మీటలు ఎటు తిప్పినా, టేపు మీదికి ఎక్కే సంకేతం మారదు. అర్ధరాత్రి స్పీకర్లు పూర్తిగా కట్టేసి కూడా రికార్డు చేసుకోవచ్చు. డెక్కు నుంచి తిరిగి వచ్చే సంకేతం టేప్ మానిటర్ అనే మీట దగ్గర ఆగి ఉంటుంది. ఆ మీట నొక్కితే టేపు వినిపిస్తుంది, వదిలితే అసలు మూలం వినిపిస్తుంది. పాత యాంప్లిఫయరు కొన్నవారిలో చాలామంది శబ్దమే రావడం లేదని దానిని రిపేరుకు పట్టుకుపోతారు. చాలాసార్లు దానికి కారణం డెక్కు ఏదీ కలపకుండానే ఆ మానిటర్ మీట నొక్కి ఉండడమే.

డెక్కును టేప్ దారికి కాక ఆక్స్‌కు కలిపితే ఏమవుతుందని నన్ను మా తమ్ముడు అడిగాడు. వినడానికి మాత్రమే అయితే ఏమీ కాదు, శుభ్రంగా వినిపిస్తుంది. కానీ రెక్ అవుట్‌ను కూడా అదే డెక్కుకు కలిపి ఉంచి, మూలం ఆక్స్ అని ఎంచుకొని రికార్డు మీట నొక్కితే, డెక్కు నుంచి బయలుదేరిన సంకేతం యాంప్లిఫయరు గుండా తిరిగి అదే డెక్కులోకి వచ్చి, అక్కడ నుంచి మళ్లీ బయలుదేరి, క్షణంలో పెద్ద కూతగా మారుతుంది. స్పీకర్లకు అది మంచిది కాదు. టేప్ దారిలో ఈ ప్రమాదం రాకుండానే యాంప్లిఫయరును రూపొందించారు, ఎందుకంటే రెక్ అవుట్ చీలే చోటు మానిటర్ మీటకు ముందు ఉంటుంది.

నా యాంప్లిఫయరుతో ఒక చిక్కు వచ్చింది. దానిలో ఆక్స్‌కూ ఫోనోకూ తెలుపు, ఎరుపు జతగా ఉండే మామూలు ఆర్‌సీఏ రంధ్రాలే ఉన్నా, టేప్ దారికి మాత్రం అయిదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్టు ఉంది. జర్మన్ ప్రమాణాల సంస్థ పేరు మీద వచ్చిన ఈ సాకెట్టులో పోయే దారీ వచ్చే దారీ ఒకే తీగలో ఇమిడిపోతాయి. చూడడానికి పొందికగా ఉంటుంది గాని, పిన్నుల అంకెలు వరుసలో ఉండవు. ఒక చివర నుంచి చూస్తే 1, 4, 2, 5, 3 అన్న క్రమంలో ఉంటాయి. యాంప్లిఫయరు వైపు 1, 4 పిన్నులు రికార్డింగుకు పోయే ఎడమ, కుడి సంకేతాలు. 3, 5 పిన్నులు టేపు నుంచి వచ్చే ఎడమ, కుడి సంకేతాలు. నడుమనున్న 2 ఉమ్మడి నేల, అంటే గ్రౌండు. ఒక కొసన డిన్ ప్లగ్గు, రెండో కొసన నాలుగు ఆర్‌సీఏ ప్లగ్గులు ఉన్న తీగ దుకాణాలలో దొరకడం అరుదైపోయింది. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద నరసాపురం దాటి, అక్కడ మాకు ఎప్పటి నుంచో తెలిసిన రేడియో మెకానిక్ గారి చేత ఒకటి సోల్డరింగ్ చేయించుకున్నాను.

ఆ తీగతో టేపులు చక్కగా వినిపించాయి. రికార్డింగు మాత్రం నీరసంగా వచ్చింది. డెక్కు మీది లెవల్ మీటను దాదాపు చివరి దాకా తిప్పితే తప్ప మీటరు ముల్లు కదలలేదు, అంత తిప్పేసరికి పాట వెనుక సర్రుమనే హిస్సు ముందుకు వచ్చింది. మెకానిక్ గారు యాంప్లిఫయరు మూత విప్పి చూసి, "మాస్టారూ, ఇది డిన్ లెక్కండి. వోల్టుల్లో ఇవ్వదండి, మిల్లీ వోల్టుల్లో ఇత్తాదండి" అన్నారు. విషయం నిజానికి అదే. డిన్ పద్ధతిలో రికార్డింగు సంకేతాన్ని వందల కిలో ఓముల రెసిస్టెన్సు గుండా పంపుతారు. అవతలి యంత్రం ఎన్ని కిలో ఓముల భారం (ఇన్‌పుట్ రెసిస్టెన్సు) చూపితే సుమారుగా అన్ని మిల్లీ వోల్టులు అందుతాయి. అవతల కూడా డిన్ పద్ధతి రికార్డరే ఉంటే, దానిలోని ఇన్‌పుట్ ఆ కొద్దిపాటి సంకేతం కోసమే తయారై ఉంటుంది. నా డెక్కు లైన్ ఇన్ సుమారు 47 కిలో ఓముల భారం చూపుతుంది. అంటే దానికి చేరేది యాభై మిల్లీ వోల్టుల లోపు, అది ఎదురుచూసేది మూడువందల మిల్లీ వోల్టుల పైమాట. ఆయన ఆ రెండు రెసిస్టెన్సులు తీసి చాలా తక్కువ విలువ గలవి వేశారు. అప్పటి నుంచి లెవల్ మీట సగం దగ్గర పెడితే ముల్లు సరిపోయేటంత లేస్తోంది. పాత యాంప్లిఫయరు డిన్ సాకెట్టుతో ఉన్నదని తెలిస్తే, కొనేముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవడం మంచిది. మెకానిక్కుకు అది చిన్న పని, పని తెలియని చేతికి మాత్రం బోర్డు పాడుచేసే పని.

రికార్డ్ ప్లేయరును సరాసరి డెక్కుకు కలపవచ్చు కదా, నడుమ యాంప్లిఫయరు ఎందుకు అని కూడా చాలామంది అడుగుతారు. రికార్డు గాడిలో నడిచే ముల్లును పట్టుకొని ఉండే, అయస్కాంతం కదిలే రకం కార్ట్రిడ్జి ఇచ్చేది కొద్ది మిల్లీ వోల్టులు మాత్రమే. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. రికార్డు మీద గాడి చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను బాగా తగ్గించి, తార స్వరాలను బాగా పెంచి చెక్కుతారు. అలా చేయకపోతే మంద్ర స్వరాలకు గాడి పక్కగాడిలోకి పొర్లిపోయేటంత వెడల్పవుతుంది. 1950ల మధ్య నుంచి అందరూ పాటిస్తున్న, అమెరికా రికార్డు కంపెనీల సంఘం పేరు మీద వచ్చిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం, వినేటప్పుడు దానికి సరిగ్గా విరుద్ధంగా, అట్టడుగు స్వరాలను సుమారు 20 డెసిబెల్స్ పెంచి, పైకొసవాటిని అంతే తగ్గించాలి. ఈ రెండు పనులూ చేసేది యాంప్లిఫయరులోని ఫోనో విభాగం. ప్లేయరును ఆక్స్‌లో పెట్టి చూస్తే పాట ఎక్కడో పక్క ఊళ్లో వినిపించినంత పలుచగా ఉంటుంది. డెక్కు లైన్ అవుట్‌ను ఫోనోలో పెడితే దానికి పూర్తి విరుద్ధం: చెవులు చిల్లులు పడేలా, బొంగురుగా, చిట్లిపోయి వస్తుంది. కాబట్టి ప్లేయరు ఫోనోకు, అక్కడ నుంచి రెక్ అవుట్ గుండా డెక్కుకు, ఇదే దారి.

ఇన్ని తీగలూ సరిగా పెట్టిన తరువాత, పాట ఆగిన ప్రతిసారీ స్పీకర్లలో హమ్మింగ్ వినపడడం మొదలైంది. ఈ పనిలో ఎక్కువ ఓపిక పట్టించినది ఇదే. వాల్యూము పూర్తిగా తగ్గించి, తీగలన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ఏది పెట్టినప్పుడు హమ్మింగ్ మొదలవుతుందో చూడడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. మా ఇంట్లో అది మూడు చోట్ల నుంచి వచ్చింది. రికార్డ్ ప్లేయరు నుంచి వచ్చే సన్నని విడి తీగను యాంప్లిఫయరు వెనుక జీఎన్‌డీ (గ్రౌండు) అని రాసిన మరకు బిగించగానే సగం పోయింది. ప్లేయరును యాంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరుకు మూరెడు దూరం జరిపి, సంకేతపు తీగలను కరెంటు తీగల పక్కన కాక వాటికి అడ్డంగా పోయేలా సర్దితే ఇంకొంత తగ్గింది. మిగిలినది ఇంటి ఎర్తింగ్‌ది. పాత ఇల్లు కావడంతో ఎర్తు తీగ తుప్పు పట్టి తెగి ఉంది. ఎలక్ట్రీషియన్ చేత పెరట్లో కొత్త గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ వేయించి, తీగ మార్పించాను. మా వైపు నేలలో తడి ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ విషయంలో మెరక ప్రాంతాల వారికన్నా మనం అదృష్టవంతులం. హమ్మింగ్ పోతుందని కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్ను తీసేయమని సలహా ఇస్తారు. లోహపు పెట్టె గల యాంప్లిఫయరుకు ఆ పని చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఉప్పుగాలి సంగతి కూడా చెప్పాలి. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న ఊళ్లలో రాగి, ఇత్తడి సాకెట్లు త్వరగా పచ్చబడతాయి. ఒకరోజు ఎడమ ఛానలు పూర్తిగా పోయింది. లోపం ఎక్కడిదో తేల్చడానికి ఎడమ, కుడి ప్లగ్గులను ఒక్కో మజిలీ దగ్గర అటూ ఇటూ మార్చి చూశాను. డెక్కు దగ్గర మార్చినప్పుడు కూడా నిశ్శబ్దం ఎడమ స్పీకరులోనే మిగిలింది గనుక డెక్కు నిర్దోషి అని తేలింది. యాంప్లిఫయరు వైపు డిన్ ప్లగ్గు కనుక అక్కడ మార్చే వీలు లేదు, దానికి బదులు రికార్డ్ ప్లేయరు పెట్టి విన్నా ఎడమవైపు అలాగే ఉండడంతో తీగ కూడా నిర్దోషే, స్పీకరు తీగలను మార్చినప్పుడు మాత్రం నిశ్శబ్దం కుడి స్పీకరుకు మారింది. అంటే లోపం యాంప్లిఫయరు లోపలే, బహుశా అన్ని సంకేతాలూ దాటిపోయే టేప్ మానిటర్ మీటలో ఉందన్న మాట. ఆ మీటలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదేపదే నొక్కితే ఛానలు తిరిగి వచ్చింది. సాకెట్లను, టేపును చదివే హెడ్డును, టేపును లాగే క్యాప్‌స్టన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవడం వర్షాకాలంలో తరచుగా చేయవలసిన పని. క్యాసెట్టు లోపల తెల్లటి బూజు కనిపిస్తే దానిని డెక్కులో పెట్టకుండా పక్కన ఉంచడం మేలు, ఎందుకంటే ఒక టేపు బూజు హెడ్డుకు అంటుకొని తరువాతి టేపులకు చేరుతుంది.

నాన్నగారి టేపుల విషయంలో డెక్కు ముందున్న మీటలు కూడా చూసుకోవాలి. డాల్బీ బి పద్ధతి రికార్డు చేసేటప్పుడు మెల్లని తార స్వరాలను పెంచి, వినేటప్పుడు తగ్గించి, దానితోపాటు హిస్సును కూడా తగ్గిస్తుంది. మా టేపులన్నీ డాల్బీ లేని టూ ఇన్ వన్‌లో రికార్డు చేసినవి. వాటిని డాల్బీ వేసి వింటే హిస్సుతో పాటు తాళాల చప్పుడు, చిడతల మెరుపు కూడా పోతాయి. అందుచేత ఆ మీట కట్టేసే ఉంచాను. హెడ్డు పక్కనున్న చిన్న మరను కొద్దిగా తిప్పితే హెడ్డు వంపు టేపుకు సరిపడి, హరికథకుడి గొంతు మీది ముసుగు తొలగినట్టు స్పష్టమవుతుంది. అయితే వేరే డెక్కులో రికార్డు చేసిన ప్రతి టేపుకూ అది మళ్లీ మారుతుంది కాబట్టి, మొదట ఉన్న స్థానాన్ని రంగుతో గుర్తు పెట్టుకున్న తరువాతనే ముట్టుకోవాలి.

చివరి మజిలీ కంప్యూటరు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒకే ఒక్క రంధ్రం మైకు కోసం ఉద్దేశించినది, ఒకే ఛానలు తీసుకుంటుంది. లైన్ స్థాయి సంకేతాన్ని దానిలోకి పంపితే గొంతు చిట్లుతుంది. అందుకని రెండు లైన్ ఇన్‌పుట్లు ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసు ఒకటి తెప్పించాను. డెక్కు లైన్ అవుట్ అప్పటికే యాంప్లిఫయరుకు పోతోంది గనుక, ప్రతి ఛానలుకూ వై ఆకారపు తీగ పెట్టి, ఒక కొమ్మ యాంప్లిఫయరుకూ రెండో కొమ్మ ఇంటర్‌ఫేసుకూ ఇచ్చాను. ఒక అవుట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్లకు పంచడం వల్ల హాని లేదు. రెండు అవుట్‌పుట్లను అదే వై తీగతో ఒక ఇన్‌పుట్‌లోకి కలపడం మాత్రం చేయకూడదు, ఎందుకంటే అప్పుడు ఒక యంత్రం రెండోదాన్ని భారంగా మోస్తుంది. ఇంటర్‌ఫేసు కలపగానే పోయిందనుకున్న హమ్మింగ్ తిరిగి వచ్చింది. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపితే ఆగిపోయింది. ఛార్జరుకూ యాంప్లిఫయరుకూ ఇద్దరికీ ఎర్తు ఉండడంతో, ఆ రెండు ఎర్తుల నడుమ మా సంకేతపు తీగల గుండా ఒక వలయం ఏర్పడిందన్న మాట. రికార్డింగు సాగినంతసేపూ ఛార్జరు తీసేయడమే నాకు నచ్చిన పరిష్కారం. అలా కుదరనివారు సంకేతపు తీగ నడుమ ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో 44,100 హెర్ట్జ్, 24 బిట్లుగా, బిగ్గరగా వచ్చే చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవల్ పెట్టి రికార్డు చేస్తున్నాను. సీ-90 క్యాసెట్టులో ఒక వైపు 45 నిమిషాలు, అది సుమారు 700 మెగాబైట్ల ఫైలవుతుంది. శబ్దాన్ని సవరించే పనులు ఆ ఫైలు మీద చేయను, దాని నకలు మీదనే చేస్తాను.

ఇప్పుడు ప్రతి తీగ రెండు కొసలకూ కాగితపు చీటీ అంటించి, ఎక్కడి నుంచి ఎక్కడికో తెలుగులో రాసి పెట్టాను. మేనత్త కూతురు తన దగ్గరున్న ఇంకో డెక్కు కూడా తెచ్చి, టేపు నుంచి టేపుకు నకలు తీసుకోవాలంటోంది. నా యాంప్లిఫయరుకు ఉన్నది ఒకటే టేప్ దారి. కాబట్టి రెండు డెక్కులకు సరిపడే స్విచ్చు పెట్టె ఒకటి చేయించమని మెకానిక్ గారితో చెప్పి వచ్చాను.